క్రియాటినిన్ చూశారు సరే, మూత్రం చూశారా?

(హైదరాబాద్‌లో నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం) డీఎం విద్యార్థుల కోసం ఒక సీనియర్ నెఫ్రాలజిస్టు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో శ్రోతల ప్రశ్నలు, జవాబులు కూడా ఉన్నాయి. క్రియాటినిన్ అంటే కిడ్నీలు మూత్రంలోకి పంపాల్సిన వ్యర్థం, రక్తంలో అది పెరిగితే కిడ్నీలు సరిగా పనిచేయడం లేదని అనుమానిస్తారు. ఇక్కడి అంకెలు డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో.)

నమస్కారం. వెనక వరసలో వాళ్లు కాస్త ముందుకు రండి, నా గొంతు అంత దూరం వినిపించదు. స్లైడ్లు తేలేదు. తెస్తే మీరు ఫోన్లతో ఫొటోలు తీసుకుంటారు, వినడం మానేస్తారు.

రాత్రి రెండింటికి ఎమర్జెన్సీ నుంచి మనకొచ్చే ఫోను ఎలా ఉంటుందో మీకు ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. "సార్, క్రియాటినిన్ ఆరు. డయాలసిస్‌కి తీసుకుంటారా?" అంతే. మనిషి వయసెంతో ఉండదు, నిన్న ఎంత ఉందో ఉండదు. మీరు తిరిగి అడగాల్సిన మొదటి మాట, మూత్రం సంగతేమిటని. ఎంత వస్తోంది, ఏ రంగులో ఉంది, ఎవరైనా మైక్రోస్కోపు కింద పెట్టి చూశారా అని. అవతల ఒక నిమిషం నిశ్శబ్దం ఉంటుంది. ఆ తర్వాత "పంపించాం సార్, రిపోర్టు రావాలి" అంటారు.

ఈ గంటలో నేను చెప్పదలచుకున్నది ఒకటే. క్రియాటినిన్ మనకు చెప్పేది తక్కువ, చెప్పినా ఆలస్యంగా చెబుతుంది. మిగతాది మూత్రాన్నీ, మనిషినీ అడిగి తెలుసుకోవాలి. ఆ అడగడం మన దగ్గర తగ్గిపోతోంది.

ముందు ఆ అంకె సంగతే చూద్దాం. క్రియాటినిన్ పుట్టేది కండరంలో. ఇద్దరి రిపోర్టులూ 1.2 అని వచ్చాయనుకోండి. ఒకడు ఇరవై ఐదేళ్ల కుర్రాడు, రోజూ జిమ్‌కి పోతాడు. 2021 సీకేడీ-ఈపీఐ సూత్రంలో వేస్తే అతని జీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీలు నిమిషానికి వడకట్టే మిల్లీలీటర్లు, దాదాపు 86. కండ ఎక్కువ కాబట్టి అసలుది అంతకన్నా ఇంకా బాగానే ఉండొచ్చు. రెండోది డెబ్బై ఏళ్ల పెద్దావిడ, నలభై కిలోలు. అదే సూత్రంలో ఆమెకు వచ్చేది 49. పాత కాక్‌క్రాఫ్ట్ సూత్రంలో బరువు కూడా కలిపి లెక్కేస్తే నిమిషానికి 27, 28 మిల్లీలీటర్లు. ల్యాబ్ కాగితం మీద మాత్రం ఇద్దరికీ పక్కన ఏ గుర్తూ ఉండదు. ఆ పెద్దావిడకు రేపు ఎవరో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని కిడ్నీకి చేటు చేయగల అమికాసిన్ అనే యాంటీబయాటిక్ పూర్తి డోసు రాస్తారు. పది రోజుల తర్వాత ఆమె మన దగ్గరికొస్తుంది. మందు డోసు రాసేటప్పుడు ముందు మనిషిని కళ్లతో చూడండి. చేతులు ఎముకల మీద తోలులా ఉన్నాయా, కాలు తీసేసిన మనిషా, నెల రోజులుగా మంచం మీదున్నాడా. అలాంటి వాళ్లకు సిస్టాటిన్-సి అనే రక్తపరీక్ష చేయించగలిగితే చేయించండి, అది కండరం మీద ఆధారపడదు.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. మనూళ్లో రంజాన్ నెలలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా "సార్, పోయిన నెల 1.1, ఈసారి 1.4 వచ్చింది" అని కంగారుగా వస్తుంటారు. నిన్న రాత్రి ఏం తిన్నారో అడగండి. మాంసం వండినప్పుడు అందులోని క్రియాటిన్ కొంత క్రియాటినిన్‌గా మారుతుంది, తిన్న కొన్ని గంటల పాటు రక్తంలో అది పెరిగి కనిపిస్తుంది. హలీం అంటే గంటల తరబడి ఉడికిన మాంసమే కదా. ఒక రోజు మాంసం మానేసి పొద్దున్నే మళ్లీ రక్తం ఇవ్వమనండి. జిమ్ కుర్రాళ్లు తాగే క్రియాటిన్ పొడి గురించి కూడా అడగండి, వాళ్లంతట వాళ్లు చెప్పరు. కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాక క్రియాటినిన్ కొంచెం పెరిగితే అది కిడ్నీ దెబ్బే కానక్కర్లేదు. అందులోని ట్రైమెథోప్రిమ్ కిడ్నీ నాళికల్లో క్రియాటినిన్ బయటికి పోయే దారికి అడ్డుపడుతుంది. అయితే అదే మందు పొటాషియాన్ని కూడా పెంచుతుంది, అక్కడ మాత్రం ఏమరుపాటు పనికిరాదు. కీటోఅసిడోసిస్‌లో, అంటే రక్తంలో కీటోన్లు పేరుకుని, వచ్చిన షుగర్ పేషెంటుకు జాఫే అనే ల్యాబ్ పద్ధతిలో క్రియాటినిన్ ఎక్కువ చూపిస్తుంది. మీ ల్యాబ్‌లో ఏ పద్ధతి వాడుతున్నారో ఇక్కడున్న ఎంతమందికి తెలుసు? చేతులెత్తొద్దు, రేపు వెళ్లి కనుక్కోండి.

ఆలస్యం అన్నానే, అది మరీ ప్రమాదం. ఈ క్షణంలో ఒక మనిషి రెండు కిడ్నీలూ పూర్తిగా ఆగిపోయాయనుకోండి. క్రియాటినిన్ రోజుకు దాదాపు 1 నుంచి 1.5 చొప్పున పెరుగుతుంది. రేపు ఉదయం రెండు దగ్గర ఉంటుంది. ల్యాబ్ కంప్యూటరు ఆ రెండుకి జీఎఫ్‌ఆర్ లెక్కగట్టి నలభయ్యో యాభయ్యో అని అచ్చేస్తుంది. నిజానికి అది సున్నా. ఆ సూత్రాలన్నీ క్రియాటినిన్ నిలకడగా ఉన్న మనిషికే. పెరుగుతూనో తరుగుతూనో ఉన్నప్పుడు ఆ అంకెను కేస్ షీట్‌లోకి ఎక్కించకండి. 0.8 ఉన్న మనిషికి మర్నాడు 1.3 వస్తే రిపోర్టులో నార్మల్ హద్దు దగ్గరే కనిపిస్తుంది. కిడ్నీ జబ్బులకు అంతర్జాతీయ మార్గదర్శకాలిచ్చే కేడీఐజీఓ సంస్థ 2012 నిర్వచనంలో మాత్రం 48 గంటల్లో 0.3 పెరిగినా అది అక్యూట్ కిడ్నీ ఇంజురీయే, అంటే కిడ్నీకి తగిలిన తాజా దెబ్బే. ఆరు గంటల పాటు కిలోకి గంటకు అర మిల్లీలీటరు కన్నా తక్కువ మూత్రం వచ్చినా అదే. ఈ రెండో సగం ఎందుకో ఎవరికీ గుర్తుండదు. ఐసీయూలో యూరిన్ బ్యాగు మంచం కింద వేలాడుతూ ఉంటుంది, మనం మానిటర్ చూసి వచ్చేస్తాం.

ఇక మూత్రం.

1827లో లండన్‌లో రిచర్డ్ బ్రైట్ ఒంటి నీరు పట్టిన రోగుల మూత్రాన్ని చెంచాలో పోసి దీపం మీద వేడి చేశాడు. అది గడ్డకట్టింది. మన స్పెషాలిటీ మొదలైంది అక్కడ. అప్పట్లో క్రియాటినిన్ పరీక్షే లేదు. ఇప్పుడు మన వార్డుల్లో పక్కగదిలోనే సెంట్రిఫ్యూజ్ ఉంటుంది, దాని మీద ఎవరిదో టిఫిన్ బాక్సు ఉంటుంది. నవ్వకండి, మీ వార్డులో కూడా ఉంటుంది.

పద్ధతి చెబుతాను, రాసుకోండి. అప్పుడే పోసిన మూత్రం, రెండు గంటలు దాటనిది. పొద్దుట్నుంచీ బ్యాగులో నిలవున్నది వద్దు. పది మిల్లీలీటర్లు, నిమిషానికి 1500 నుంచి 2000 చుట్లు, ఐదు నిమిషాలు. పైది పారబోసి, అడుగున మిగిలిన అర మిల్లీలీటరును మెల్లగా కదిపి ఒక చుక్క స్లైడు మీద. ముందు చిన్న లెన్సులో చూడండి, వెలుతురు తగ్గించండి. కాస్టులు, అంటే నాళికల్లో అచ్చులా గట్టిపడి బయటికొచ్చే ముక్కలు, కవర్‌స్లిప్ అంచులకు చేరుతాయి, మధ్యలోనే వెతుకుతూ కూర్చుంటే దొరకవు. పల్చటి, క్షారగుణం ఉన్న మూత్రంలో అవి కరిగిపోతాయి కూడా. అందుకే మధ్యాహ్నం మూడింటికి ల్యాబ్ చూసే పొద్దుటి శాంపిల్‌లో "కాస్టులు లేవు" అని వస్తే దాన్ని నమ్మి రోగాన్ని కొట్టేయకండి. ఒకే శాంపిల్‌ను ల్యాబ్ వాళ్లూ నెఫ్రాలజిస్టూ విడివిడిగా చూస్తే నెఫ్రాలజిస్టు కంటికి ఎక్కువ కనబడతాయని అధ్యయనాలు కూడా ఉన్నాయి. మనం గొప్పవాళ్లమని కాదు, ఏం వెతకాలో తెలిసి చూస్తాం కాబట్టి.

ఏం వెతకాలి? బురద రంగు గ్రాన్యులార్ కాస్టులు గుంపులుగా ఉంటే నాళికలు దెబ్బతిన్నట్టు. అంటే కేవలం నీళ్లు తగ్గి వచ్చింది కాదు, సెలైన్ పోస్తూ పోతే బాగుపడదు, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఎర్ర కణాల కాస్టు ఒక్కటి కనిపించినా చాలు, ఆ రోజు మిగతా పనులు పక్కన పెట్టండి. అది గ్లోమెరులోనెఫ్రైటిస్, కిడ్నీలో రక్తాన్ని వడకట్టే గ్లోమెరులస్‌ల వాపు. కణాలకు చెవుల్లా బుడిపెలు పొడుచుకొచ్చిన అకాంథోసైట్లు కూడా అక్కడి నుంచే. తెల్లకణాలు నిండుగా ఉండి కల్చర్‌లో ఏమీ పెరగకపోతే ఇంటర్‌స్టీషియల్ నెఫ్రైటిస్ (నాళికల చుట్టూ ఉండే కణజాలం వాపు) అనుకోండి, టీబీ అని కూడా అనుకోండి. మన దేశంలో ఆ రెండో ఆలోచన రాకపోతే తప్పు.

డిప్‌స్టిక్, అంటే మూత్రంలో ముంచితే రంగు మారే పట్టీ, దాని మీద రెండు మాటలు. అది పట్టుకునేది ప్రధానంగా ఆల్బుమిన్‌ని. అరవై ఐదేళ్ల మనిషి నడుము నొప్పితో వచ్చాడు, హిమోగ్లోబిన్ ఏడు, క్రియాటినిన్ ఐదు, డిప్‌స్టిక్‌లో ప్రొటీన్ నామమాత్రం. అదే మూత్రంలో ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి చేయిస్తే నాలుగో ఐదో వచ్చింది. ఆ తేడాయే డయాగ్నసిస్. ఆల్బుమిన్ కాని ప్రొటీన్ ఏదో పోతోంది, మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ వదిలే లైట్‌చైన్‌లు. సల్ఫోసాలిసిలిక్ యాసిడ్ నాలుగు చుక్కలు వేస్తే మీ కళ్ల ముందే తెల్లగా విరుగుతుంది, ఖర్చు దాదాపు లేదు. రెండో మాట. డిప్‌స్టిక్‌లో రక్తం మూడు ప్లస్‌లు, మైక్రోస్కోపులో ఎర్ర కణాలు లేవు. అంటే అది హిమోగ్లోబినో మయోగ్లోబినో. రక్తం గొట్టాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి పైన తేరిన సీరం చూడండి. గులాబీ రంగులో ఉంటే రక్తకణాలు పగిలాయి, తేటగా ఉంటే కండరం కరిగింది. మూత్రం ముదురు టీ డికాక్షన్ రంగులో ఉందని డ్యూటీ నర్సు చెబితే ఇదంతా ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

ఈ చివరిది మన ప్రాంతంలో ఎందుకు ముఖ్యమో చెప్పాలి. జుట్టు రంగు తాగి వచ్చేవాళ్లను మీరు చూస్తారు, ఎక్కువగా చిన్న వయసు ఆడపిల్లలు. అందులో ఉండే పీపీడీ అనే రసాయనం ముందు మెడా గొంతూ వాచేలా చేస్తుంది, గాలి ఆడక చనిపోయేది అక్కడే. ఈఎన్‌టీ వాళ్లు గొంతుకు దారి చేసి బతికించాక, కండరాలు కరిగి రెండో రోజు మన దగ్గరికొస్తారు. పొటాషియం గంట గంటకూ ఎక్కుతుంది. క్రియాటినిన్ కూడా మామూలు కన్నా వేగంగా ఎక్కుతుంది. మొదటి రెండు రోజులు దాటిస్తే చాలామందిలో కిడ్నీలు తిరిగి పనిచేస్తాయి, అందుకని ఈ పిల్లల విషయంలో నిరాశపడకండి. డిశ్చార్జి కాగితం మీద నెఫ్రాలజీ ఓపీ తేదీతో పాటు సైకియాట్రీ ఓపీ తేదీ కూడా రాయండి.

గడ్డి మందు వేరే కథ. పారాక్వాట్. దానికి విరుగుడు లేదు. మూత్రంలో సోడియం డైథయోనైట్ కలిపితే నీలం తిరుగుతుంది, ఎంత ముదురు నీలమైతే అంత చెడ్డ కబురు. ఆ మందు బయటికి పోయేదే కిడ్నీల ద్వారా. అవి మొదట్లోనే దెబ్బతింటాయి కాబట్టి విషం ఒంట్లో నిలిచి ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. ఇక్కడ మాత్రం క్రియాటినిన్ మొదటి రోజుల్లో ఎంత వేగంగా ఎక్కుతోందన్నది మనిషి భవిష్యత్తును బాగానే చెబుతుంది. ఇన్నిసార్లు తిట్టాను కదా, దానికి న్యాయం చేయాలి. ఆయాసం తక్కువ ఉన్నప్పుడు అలవాటుగా ఆక్సిజన్ పెట్టకండి, అది ఊపిరితిత్తులకు ఇంకా చేటు. హీమోపర్ఫ్యూజన్, అంటే రక్తాన్ని ఫిల్టరు గుండా పంపి విషం తీయడం, చేయాలంటే తాగిన మొదటి కొన్ని గంటల్లోనే. జిల్లా నుంచి మూడో రోజు వచ్చిన మనిషికి "డయాలసిస్ చేస్తే బాగవుతాడా" అని తండ్రి అడుగుతాడు. పొలం అమ్మి డబ్బు తెస్తానంటాడు. నిజం చెప్పండి. ఆ మాట చెప్పే పని ఇంటర్న్‌కి అప్పజెప్పకండి.

వానాకాలం మొదలైతే పాముకాట్లు. రక్తపింజర కాటు మన వార్డు నింపుతుంది. రెండు మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి గడ్డకట్టిందో లేదో చూడాలి. ప్లాస్టిక్ గొట్టం పనికిరాదు, డిటర్జెంటుతో కడిగిన గొట్టమూ పనికిరాదు. నేను ఇక్కడ ఆగేది వేరే చోట. విషానికి విరుగుడు సీరం (యాంటీవెనం) ఇచ్చారు, గడ్డకట్టడం సరైంది, అయినా ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, హిమోగ్లోబిన్ పడిపోతోంది. రక్తం స్మియర్‌లో పగిలిన కణాలు కనిపిస్తాయి. అది త్రాంబోటిక్ మైక్రోఆంజియోపతీ, చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టడం. "ఇంకా విషం ఉంది" అనుకుని సీరం సీసాలు పోస్తూ పోవడం కాదు. ఇక మూడు వారాలు దాటినా చుక్క మూత్రం రాకపోతే కార్టికల్ నెక్రోసిస్ (కిడ్నీ బయటి పొర చచ్చిపోవడం) అనుమానించి కాంట్రాస్ట్ సీటీ చేయించండి. కిడ్నీ బయటి పొరలోకి రక్తం పోవడం లేదని కనబడితే ఆ రైతుకు, ఆ కుటుంబానికి రాబోయే ఏళ్ల గురించి వేరేలా మాట్లాడాలి.

ఇప్పుడు మనిషిని అడగడం. "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే "ఏం లేవు సార్, బీపీ గోలీ ఒక్కటే" అంటారు. అక్కడితో ఆగకండి. "మోకాళ్ల నొప్పులకు ఏం చేస్తారు? ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటారా? గ్యాస్ గోలీ రోజూ వేసుకుంటారా?" అని ఒక్కొక్కటీ అడగండి. అప్పుడు వస్తాయి. డైక్లోఫెనాక్ సూది వారానికి రెండుసార్లు. మెడికల్ షాపు వాడిచ్చే పొట్లంలో నాలుగు రంగుల బిళ్లలు, అందులో ఒకటి స్టెరాయిడ్. ప్యాంటాప్రజోల్ ఐదేళ్లుగా, ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలీదు. బీపీకి టెల్మిసార్టన్‌తో పాటు నీరు పోయే మందు కలిసిన గోలీ వాడే మనిషి ఎండాకాలం విరేచనాలైన రోజున నొప్పి బిళ్ల వేసుకుంటే కిడ్నీకి రక్తం అందే మూడు దారులూ ఒకేసారి మూసుకుంటాయి. ఇందులో ప్యాంటాప్రజోల్‌ను ఎవరూ అనుమానించరు. జ్వరం లేకుండా, దద్దుర్లు లేకుండా, నెమ్మదిగా క్రియాటినిన్ పెంచే ఇంటర్‌స్టీషియల్ నెఫ్రైటిస్‌కి అదే కారణం అవుతుంది. టీబీ మందులు మధ్యలో మానేసి మళ్లీ మొదలుపెట్టినవాళ్లలో రిఫాంపిసిన్ కూడా అంతే, ఒక్కసారిగా మూత్రం ఆపేస్తుంది.

పసరు, భస్మం, చూర్ణం గురించి అడిగేటప్పుడు ముఖం చిట్లించకండి. చిట్లిస్తే వచ్చే నెల కూడా తింటారు, మీకు మాత్రం చెప్పరు. ఇంకొకటి, ఫేస్ క్రీము. పాతికేళ్ల అమ్మాయి కాళ్ల వాపుతో వస్తుంది, మూత్రంలో ప్రొటీన్ ఆరేడు గ్రాములు, బయాప్సీలో మెంబ్రేనస్ నెఫ్రోపతీ, కిడ్నీ జల్లెడ పొర మందమయ్యే జబ్బు. ఆ జబ్బులో ఎక్కువగా కనిపించే గుర్తు పీఎల్‌ఏ2ఆర్ నెగటివ్, అరుదైన గుర్తు నెల్-1 పాజిటివ్. కేరళ వైద్యులు ఇలాంటి వాళ్లలో పాదరసం ఉన్న ఫెయిర్‌నెస్ క్రీములను బయటపెట్టారు. క్రీము మానేస్తే చాలామందికి తగ్గింది కూడా. ఇంట్లో ఇంకెవరు అదే డబ్బా వాడుతున్నారో అడగండి. స్టెరాయిడ్లు రాసే ముందు ఈ ఒక్క ప్రశ్న అడిగితే పోయేదేముంది?

పాత రిపోర్టు గురించి ఎక్కువ చెప్పను. ఇంట్లో బీరువాలో, ప్లాస్టిక్ సంచీలో ఉంటుంది, తెప్పించండి. రెండేళ్ల కిందటి ఒక్క క్రియాటినిన్ మీ మూడు రోజుల చర్చను తేల్చేస్తుంది. అల్ట్రాసౌండ్‌లో కిడ్నీలు చిన్నవైతే పాత జబ్బే అనుకోవచ్చు. షుగర్, మైలోమా, అమిలాయిడ్ ఉన్నవాళ్లలో మాత్రం పాత జబ్బయినా సైజు తగ్గదు. ఇక మగవాళ్లలో, పెద్దవాళ్లలో మూత్రాశయం నిండి ఉందో లేదో చేత్తో తాకి చూడండి. ప్రోస్టేట్ అడ్డుపడిన మనిషికి కావాల్సింది డయాలసిస్ కాదు, క్యాథెటర్.

షుగర్ దగ్గర మనం బద్ధకస్తులం. మన దేశంలో 2023లో వచ్చిన ఐసీఎంఆర్-ఇండియాబ్ లెక్క ప్రకారం పది కోట్ల పైచిలుకు మందికి డయాబెటిస్ ఉంది. కాబట్టి ప్రొటీన్ పోయే ప్రతి షుగర్ పేషెంటుకూ "డయాబెటిక్ కిడ్నీ" అని రాసేస్తాం. కళ్లు చూపించారా? రెటినోపతీ (షుగర్ వల్ల కంటి లోపలి పొర దెబ్బతినడం) లేకుండా, షుగర్ వచ్చి మూడేళ్లే అయి, ప్రొటీన్ ఒక్కసారిగా పెరిగితే ఆగండి. మూత్రంలో ఎర్ర కణాల కాస్టులు ఉంటే అసలు ఆగాలి. షుగర్ ఉన్న మనిషికి లూపస్ రాకూడదని, ఇన్‌ఫెక్షన్ తర్వాత వచ్చే నెఫ్రైటిస్ రాకూడదని ఎక్కడా లేదు.

నిజంగా డయాబెటిక్ కిడ్నీయే అయితే, మన చేతిలో ఇప్పుడున్నన్ని మందులు మా తరానికి లేవు. 2001లో లోసార్టన్, ఇర్బెసార్టన్ పరీక్షలు వచ్చాక దాదాపు ఇరవై ఏళ్లు కొత్తది ఏమీ రాలేదు. 2019లో కానాగ్లిఫ్లోజిన్ మీద క్రెడెన్స్ అధ్యయనం, 2020లో డపాగ్లిఫ్లోజిన్ మీద డాపా-సీకేడీ అధ్యయనం, ఆ ఏడాదే ఫినరెనోన్, 2024లో సెమాగ్లుటైడ్. డపాగ్లిఫ్లోజిన్ పేటెంటు మన దేశంలో 2020లో ముగిసింది, జెనరిక్ బిళ్ల సామాన్యుడు కొనగలిగే ధరకు వచ్చింది. అయినా సగం మంది చీటీల్లో ఉండదు. ఎందుకు? మొదలుపెట్టగానే క్రియాటినిన్ కొంచెం పెరుగుతుంది, బయట డాక్టరు భయపడి ఆపేస్తాడు. టెల్మిసార్టన్‌కీ అంతే. ముప్పై శాతం వరకు పెరిగి అక్కడే నిలిస్తే ఆపక్కర్లేదు. గ్లోమెరులస్ లోపలి ఒత్తిడి తగ్గింది కాబట్టి పెరిగింది, మనం కోరుకున్నదే అది. పొటాషియం చూసుకోండి, అంతే. వాంతులు, విరేచనాలు, ఉపవాసం, ఆపరేషన్ ఉన్న రోజుల్లో ఆ గోలీలు ఆపమని చీటీ మీద తెలుగులో రాసివ్వండి. ఉర్దూ చదివేవాళ్లకు ఉర్దూలో.

ఇక ఆ రాత్రి రెండింటి ఫోనుకు వద్దాం. క్రియాటినిన్ ఆరు, డయాలసిస్ చేయాలా?

అంకె చూసి చేయకండి. 2010లో ఐడియల్ అధ్యయనం వచ్చింది, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 828 మంది. జీఎఫ్‌ఆర్ 10–14 ఉండగానే మొదలుపెట్టిన వాళ్లూ, 5–7 దాకా ఆగమన్నవాళ్లూ సమానంగానే బతికారు. ఆగమన్నవాళ్లలో చాలామందికి లక్షణాలు వచ్చి ముందే మొదలుపెట్టాల్సి వచ్చిందన్నది కూడా గుర్తుంచుకోండి, ఆగడం అంటే వదిలేయడం కాదు. అక్యూట్ వాళ్లకు 2020లో స్టార్ట్-ఏకేఐ అధ్యయనం. ఐసీయూలో దాదాపు మూడు వేల మంది. తొందరపడి మొదలుపెడితే ప్రాణాలు ఎక్కువ నిలవలేదు. పైగా బతికినవాళ్లలో తొంభై రోజుల తర్వాత కూడా డయాలసిస్ మీదే ఉన్నవాళ్లు ఆ గుంపులో ఎక్కువ. కాబట్టి అడగాల్సినవి వేరు. మందులకు లొంగని పొటాషియమా? ఊపిరితిత్తుల్లో నీరా? అసిడోసిస్ ఎంత? మగతగా ఉన్నాడా? గుండె చుట్టూ రాపిడి శబ్దం వినబడుతోందా? స్టెతస్కోపు పెట్టి వినండి.

పొటాషియం ఏడు ఉండి ఈసీజీ మారితే మిషను సిద్ధమయ్యేదాకా కూర్చోకండి. కాల్షియం గ్లూకోనేట్ పది శాతంది, పది మిల్లీలీటర్లు, నెమ్మదిగా. అది పొటాషియాన్ని తగ్గించదు, గుండెను కాపాడుతుంది. దాని పని అరగంట నుంచి గంట. ఈలోగా ఇన్సులిన్, డెక్స్‌ట్రోజ్, సాల్బుటమాల్ నెబ్యులైజర్. కిడ్నీ పనిచేయని ఒంట్లో ఇన్సులిన్ చాలాసేపు నిలుస్తుంది, డెక్స్‌ట్రోజ్ ముందే అయిపోతుంది. రాత్రి మూడింటికి పొటాషియం దిగిందని సంతోషించి, ఐదింటికి షుగర్ నలభైతో మగతలో దొరికిన పేషెంట్లు ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటారు. ఆరు గంటల దాకా గంటగంటకూ షుగర్ చూడండి.

చేతి నరాల మాట మరచిపోకండి. క్రియాటినిన్ మూడు, నాలుగు ఉన్న మనిషికి మోచేతి దగ్గర క్యాన్యులా పెట్టనివ్వకండి, అరచేతి వెనక పెట్టమనండి. డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనూ కలిపి చేసే ఫిస్టులా 1966 నుంచీ ఉంది, ఇప్పటికీ దాన్ని మించింది రాలేదు. చేయించాక పక్వానికి రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. మన పేషెంట్లలో ఎక్కువమంది మెడలో పైపుతోనే డయాలసిస్ మొదలుపెడుతున్నారు, అంటే వాళ్లను మనం ఆలస్యంగా చూశాం, లేదా చూసి కూడా చెప్పలేదు. కాలర్‌బోన్ కింది సబ్‌క్లేవియన్ సిరలో పైపు పెడితే ఆ నరం సన్నబడి, ఆ వైపు చెయ్యి రేపు ఫిస్టులాకు పనికిరాకుండా పోవచ్చు. ఆరోగ్యశ్రీలో డయాలసిస్ దొరుకుతుంది, 2013 నుంచి జీవన్‌దాన్‌లో అవయవం కోసం పేరు నమోదు చేసుకోవచ్చు. పేరు నమోదు చేయించమని మొదటి నెలలోనే చెప్పండి. నాలుగేళ్లు డయాలసిస్ అయ్యాక "అలాంటిదొకటి ఉందా సార్" అని అడిగినవాళ్లున్నారు.

ఇక మీరడగండి.

ప్రశ్న: సార్, మాది శ్రీకాకుళం. ఉద్దానం ప్రాంతంలో అంతుచిక్కని కిడ్నీ జబ్బు వచ్చిన పేషెంట్ల మూత్రంలో పెద్దగా ఏమీ కనిపించదు. మీరు మూత్రమే చూడమంటున్నారు. వాళ్లను ఎలా పట్టుకోవాలి?

మంచి చోట పట్టుకున్నావు. కవిటి, సోంపేట వైపు నుంచి వచ్చే మనిషికి షుగర్ ఉండదు, బీపీ మొదట్లో ఉండదు, కాళ్ల వాపు ఉండదు, ప్రొటీన్ ఒక ప్లస్ కూడా ఉండకపోవచ్చు. కొబ్బరితోటలోనో జీడితోటలోనో పనిచేసుకునే మనిషి. క్రియాటినిన్ మాత్రం నాలుగు, కిడ్నీలు చిన్నవి. శ్రీలంకలో, మధ్య అమెరికా చెరకు తోటల్లో కనబడేదీ ఇలాంటిదే. ఎండలో ఒళ్లు ఎండిపోవడమా, నీళ్లా, పురుగుమందులా, ఏదీ ఇదమిత్థంగా తేలలేదు. అక్కడ డిప్‌స్టిక్‌తో ఊరూరా పరీక్షలు చేస్తే చాలామంది తప్పించుకుంటారు. రక్తంలో క్రియాటినిన్ చూడాల్సిందే, నువ్వన్నది నిజం. అయితే క్రియాటినిన్ నాలుగున్నా మూత్రం ఇంత ప్రశాంతంగా ఉందంటే జబ్బు గ్లోమెరులస్‌లో లేదు, నాళికల చుట్టూ ఉంది అని కూడా అదే చెబుతోంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి మొదలయ్యాయి. చదువయ్యాక అటు వెళ్లేవాళ్లు మీలో ఎవరైనా ఉంటే నాకు సంతోషం.

ప్రశ్న: పేషెంట్లు కొబ్బరి బోండం, బార్లీ నీళ్లు, రోజుకు ఐదు లీటర్ల నీళ్లు అంటూ వస్తున్నారు. అన్నిటికీ వద్దనే చెప్పాలా?

అందరికీ ఒకే మాట చెప్పకండి. రాయి ఉన్న మనిషికి నీళ్లు ఎక్కువ తాగమనండి. మూత్రం రోజుకు పావు లీటరు వచ్చే డయాలసిస్ పేషెంటు ఐదు లీటర్లు తాగితే ఆ రాత్రే ఎమర్జెన్సీకి వస్తాడు. కొబ్బరి నీళ్లు ఒక గ్లాసులో ఐదారు వందల మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. జీఎఫ్‌ఆర్ పదిహేను ఉన్నవాడికి అది విషమే. జీఎఫ్‌ఆర్ డెబ్బై, పొటాషియం నాలుగు ఉన్న మనిషి మే నెలలో ఒక బోండం తాగితే ఆపడానికి మీరెవరు? ఆకుకూరలు, దుంపలు ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయమనండి. పప్పు పూర్తిగా మానేయమని చెప్పి మనిషిని ఎండగట్టకండి.

ప్రశ్న: పాతబస్తీ నుంచి వచ్చే ట్రాన్స్‌ప్లాంట్ పేషెంట్లు రోజా (రంజాన్ ఉపవాసం) ఉండొచ్చా అని అడుగుతున్నారు సార్.

మొదటి ఏడాది వద్దు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకూ, జీఎఫ్‌ఆర్ ముప్పై కన్నా తక్కువున్నవాళ్లకూ వద్దనే చెప్పండి. జబ్బు ఉన్నవాళ్లకు మినహాయింపు మతంలోనే ఉంది, కావాలంటే వాళ్ల ఇమామ్ గారితో మాట్లాడమనండి. మనకన్నా ఆయన మాట వింటారు. ఏడాది దాటి, క్రియాటినిన్ నిలకడగా ఉండి, షుగర్ అదుపులో ఉన్నవాళ్లు పట్టుబడితే పూర్తిగా అడ్డుపడకండి. అడ్డుపడితే మీకు చెప్పకుండా ఉంటారు, కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా కాపాడే టాక్రోలిమస్ ఒక పూట ఎగ్గొడతారు. సెహ్రీకి ఒకటి, ఇఫ్తార్‌కు ఒకటి అనుకున్నప్పుడు రెండు డోసుల మధ్య పన్నెండు గంటలు ఉండవు, ఒకవైపు పద్నాలుగు, ఒకవైపు పది అవుతాయి. రోజుకొకసారి వేసుకునే రకానికి ముందే మార్చి, లెవెల్ చూసుకుంటే మేలు. ఇఫ్తార్‌లో ఖర్జూరం ఒకటో రెండో, గుప్పెడు కాదు. వారం రోజులకు ఒకసారి క్రియాటినిన్ చూసి, పెరిగితే అక్కడితో ఆపేయాలని ముందే ఒప్పందం చేసుకోండి. ఇదంతా రంజాన్ మొదలయ్యాక కుదరదు. వాళ్లను రంజాన్‌కు ముందొచ్చే షాబాన్ నెలలోనే ఓపీకి పిలవండి.